రెండోసారి మోసపోకూడదని

రాజ్యలక్ష్మమ్మకు కోడలంటే ప్రాణం. ఈ మాట ప్రొద్దుటూరు బజారులో అంటే ఎవరూ నమ్మరు. కోడల్ని ఆమె తిట్టని పూటంటూ లేదు మరి. కానీ కోడలికి కాస్త తలనొప్పి వస్తే అన్నం మానేసి పక్కన కూర్చునేది కూడా ఆమే.

ఆ కోడలు సుబ్బరత్నమ్మకు తొలిచూలు అయిదో నెలలోనే పోయింది. మాయ లోపల నిలిచిపోతే ఆసుపత్రిలో గీకి తీశారు. ఆ తర్వాత ముట్టు రావడం ఆగిపోయింది. అప్పుడు చూడాలి అత్తగారి సంబరం! మళ్లీ కడుపొచ్చిందని వీధంతా చాటింది, పుట్టబోయేవాడికి పేరు కూడా పెట్టేసింది. నెలలు గడిచినా పొట్ట కనబడలేదు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. చాన్నాళ్లు ఆమె వీధిలో తలెత్తుకోలేకపోయింది.

చెయ్యని వైద్యం లేదు, మొక్కని దేవుడు లేడు. చివరికి కర్నూలు తీసుకుపోయారు. ఆంధ్ర రాష్ట్రానికి అది రాజధానిగా ఉన్న రోజులవి. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి విడమరిచి చెప్పింది.

"గీకినచోట పుండు మానుతూ గర్భసంచి గోడలు ఒకదానికొకటి అతుక్కున్నాయమ్మా. మత్తిచ్చి విడదీస్తాను. మళ్లీ అతుక్కున్నా అతుక్కోవచ్చు. ముట్టు ఆగితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి."

ఆపరేషను అయింది. ఇంటికొచ్చాక కొన్నాళ్లకు సుబ్బరత్నమ్మ పెరట్లో దూరంగా కూర్చుంది. అత్తగారు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి ఇంటింటికీ పంచింది.

"ఏమే రాజ్యలక్ష్మమ్మా, నీ కోడలు ఇప్పుడు పెద్దమనిషయిందా?" అని ఎదురింటి వెంకటలక్ష్మమ్మ ఎగతాళి చేసింది.

"అయిందిలే. తిని పో!"

ఆపైన నెలనెలా సక్రమంగానే వచ్చింది. ఉన్నట్టుండి ఒక నెల రాలేదు. కొడుకు నాగసుబ్బయ్య వేరుశనగ బేరానికి ఆలూరు వైపు పోయున్నాడు.

"అత్తా, మళ్లా అతుక్కున్నట్టుండాది" అని కోడలు పొయ్యి దగ్గర ఏడ్చింది.

కడుపేమోనన్న ఆశ రాజ్యలక్ష్మమ్మకు ఒక్క క్షణం కలిగింది. ఛీ, ఊరంతా నవ్వింది చాలదా అనుకుని ఆ ఆశను అక్కడే అణిచేసింది. కొడుకు వచ్చేదాకా ఆగితే లోపల ఇంకా బిగుసుకుంటుందని భయం కూడా వేసింది. మంత్రసాని మద్దమ్మ దగ్గర ముట్టు జారీ చేసే మందు తెచ్చి, కషాయం కాచి, చేదుకు బెల్లంముక్క ఇచ్చి తన చేత్తోనే తాపింది. రెండు పూటలు తాపేసరికి నెత్తురు కనబడింది. అత్తాకోడళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, సంతోషంతోనే.

అయితే ఆ నెత్తురు ఆగలేదు. నాగసుబ్బయ్య రాగానే మళ్లీ కర్నూలు బస్సెక్కారు.

డాక్టరమ్మ లోపల శానాసేపు చూసి, రాజ్యలక్ష్మమ్మను ఒక్కదాన్నే పక్కకు పిలిచింది. "ఏం తాగించారు?" అని అడిగింది. ఈమె కాస్త గర్వంగానే చెప్పింది.

"అతుక్కోలేదమ్మా. కడుపు నిలిచింది. రెండో నెల. ఆ మందుకు పడిపోయింది." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "లోపల మిగిలినదాన్ని మళ్లీ గీకి తియ్యాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు. ఆ తర్వాత పిల్లల సంగతి నేను చెప్పలేను."

రాజ్యలక్ష్మమ్మ కోడలి మంచం దగ్గరికి నడిచింది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

సుబ్బరత్నమ్మ మంచం మీద ఎదురుచూస్తోంది. "ఏమనిందత్తా? మళ్లా అతుక్కుండాదంటనా?"

"లేదు. అతుక్కోలేదు."

పాలిపోయిన ఆ ముఖం విచ్చుకుంది. అత్త చేయి లాక్కుని రెండు కళ్లకూ అద్దుకుంది.

"నువ్వా కషాయం తాపబట్టే అత్తా. నన్ను కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు."

రాజ్యలక్ష్మమ్మ ఆ చేయిని వెనక్కి తీసుకోలేకపోయింది.