చూడకుండా కొట్టే పదివేళ్లు

1996 వేసవిలో నల్లగొండ రామగిరిలో లింగస్వామి కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. చెప్పులు బయటే విడవాలి. లోపలికి దుమ్ము పోతే కంప్యూటర్ పెట్టె చెడిపోతుందని ఆయన భయం. కూలర్ గాలి మనుషుల కన్నా కంప్యూటర్‌కే ఎక్కువ తగిలేది.

ఆ పెట్టె ముందు మూడు రోజులుగా తాహేరా కూర్చుంటోంది. కేతేపల్లి దర్జీ బిడ్డ, ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పదకొండేళ్లుగా ఆ ఊళ్లోనే హమీద్ సాబ్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు లోయరూ హయ్యరూ పరీక్షలకు టైపు నేర్పుతోంది. ఒకప్పుడు పొద్దున ఆరింటికే పన్నెండు మిషన్లు టకటకలాడేవి. ఇప్పుడు వచ్చేది ముగ్గురే. నెలాఖరుకు షట్టర్ దించేస్తానని సాబ్ చెప్పేశాడు. ఆ తర్వాత ఏం చేయాలో తాహేరాకు తెలియదు.

"మూడు దినాలు చూస్త," అన్నాడు లింగస్వామి మొదటి రోజే. "పదిహేను మండలాల బోరింగుల లిస్టు. శనివారం నాలుగింటికి ఎల్లస్వామి సార్ నీళ్ల ఆఫీసు నుంచి వస్తడు. గప్పటికి మొత్తాలు కలిస్తే నౌకరి నీదే. లేకుంటే పట్నం నుంచి ఇంకో పిల్లను పిలిపిస్త."

తాహేరా వేళ్లు పరుగెత్తాయి. ఊరి పేరు, పక్కన అక్కడున్న చేతిపంపు బోరింగుల సంఖ్య. అడుగున మొత్తం కంప్యూటరే వేస్తుంది. లైను అయిపోగానే ఎడమ చేయి అలవాటుగా టైపు మిషను లివరు తోయడానికి లేచి తెరకు తగిలేది.

"పెట్టెను కొట్టకు తల్లీ, ఇంకా కిస్తీలున్నయి," అనేవాడు లింగస్వామి.

శనివారం రెండింటికి పని పూర్తయింది. చూసుకుంటే మొదటి మండలం మొత్తమే కలవలేదు. ఆఫీసు కాగితం మీద మొత్తం 412. తెర మీద 229. రెండో మండలం కూడా తక్కువే. మూడోదీ అంతే.

"కంప్యూటర్ లెక్క తప్పదు," అన్నాడు లింగస్వామి. "నువ్వే ఏదో తప్పు కొట్టినవ్."

"ఒక్కొక్కటి కాగితంతోని కలిపి చూసిన సార్. అన్నీ సక్కగున్నయి. మరి గీ కొన్ని అంకెలు గడిల ఎడమ పక్క గోడకు అతుక్కున్నయేంది?"

"అది డిజైను."

పెట్టె ఆపి మళ్లీ పెట్టాడు. కూలర్‌లో నీళ్లు పోశాడు. మొత్తం 229 దగ్గరే కూర్చుంది. గడియారం రెండున్నర చూపిస్తోంది.

"జర లే," అని లింగస్వామి తనే కుర్చీలో కూర్చున్నాడు. "మొదటి ఊరు చెప్పు."

"పద్దెనిమిది."

ఆయనది ఒంటివేలి టైపు. వేలు కోడిలా అక్షరాల మీద వెతుక్కుని, పై వరుసలో ఒక చోట వాలి, ఇంకోసారి వాలింది. అడుగున 229 కాస్తా 247 అయింది. పద్దెనిమిది గోడ వదిలి కుడి పక్కకు వచ్చి నిలబడింది.

"సార్, ఒకటికి ఏది కొట్టిన్రు?"

"ఒకటే కొట్టిన. గిదిగో."

తాహేరా వంగి చూసింది. కీబోర్డు పై వరుస మొదట్లో, రెండుకు ఈ పక్కన, ఒకటి ఉంది. హమీద్ సాబ్ మిషన్లలో ఆ వరుస రెండుతోనే మొదలయ్యేది. ఒకటి కావాలంటే చిన్న ఎల్ కొట్టడమే. కాగితం మీద రెండూ ఒకేలా పడేవి, ఎవరికీ తేడా తెలిసేది కాదు. పైగా అక్షరాలు చూస్తే సాబ్ స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు. చూడకుండా కొట్టడంలో తాహేరా మొత్తం ఇన్‌స్టిట్యూట్‌కే ఫస్టు. మూడు రోజులైనా ఈ బోర్డును ఒక్కసారి చూడలేదు.

"ఒకటి ఉన్న ప్రతి అంకెల నేను అక్షరం కొట్టిన సార్," అంది నవ్వు ఆపుకోలేక. "అది అక్షరం అనుకుని లెక్కల కలుపుకోలే."

"గంటన్నరే ఉంది. నవ్వుడు తర్వాత."

ఎడమ గోడకు అతుక్కున్నవే తప్పులు కాబట్టి వెతకాల్సిన పని లేదు. తాహేరా ఒక్కోదాన్ని పట్టి సరిచేస్తూ పోయింది. లింగస్వామి పక్కన నిలబడి కాగితం చదివాడు. మొదటి మండలం 412కు చేరగానే రెండో మండలం కాగితం తీశాడు.

ఎల్లస్వామి చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి చివరి పేజీ ప్రింటర్‌లోంచి గీక్కుంటూ వస్తోంది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి నాలుగు మండలాలు తానే కూడి చూశాడు.

"సరిపోయిందయ్యా. పోయినసారి చేత రాస్తే నెల పట్టింది. ఎవరు కొట్టిన్రు?"

"మా ఆపరేటరమ్మ," అన్నాడు లింగస్వామి, కాగితాలు సర్దుతూ, ఎప్పటినుంచో అంటున్నట్టే.

ఎల్లస్వామి పోయాక తాహేరా మెల్లగా అడిగింది. "సోమవారం ఎన్నింటికి రావాలె సార్?"

"తొమ్మిదింటికి."

"కేతేపల్లి బస్సు తొమ్మిదిన్నరకు దింపుతది."

"అయితే పదింటికి రా. పది వేళ్లతోని కొడతవు గదా, ఆ గంట నువ్వే కలుపుకుంటవు."