ఎర్ర కారావిడ

నవంబరు చివర్లో జింక ఒకటి అడ్డం వచ్చి పెద్ద బండిని తుక్కు చేశాక, ఐలీ లాహ్తికి మిగిలింది మొగుడి ఎర్ర కారు ఒక్కటే.

రెండు సీట్ల కారు. కూర్చుంటే నేల మీద చతికిలబడ్డట్టుంటుంది. ఇంజను ముందుంటుంది, తోసేది మాత్రం వెనక చక్రాలు. వేసవి కోసం చేసిన బండి. ఎల్మర్ దాన్ని మే నెలలో బయటికి తీసేవాడు. అక్టోబరులో మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీలు రోడ్డెక్కకముందే కడిగి, తుడిచి, దిమ్మెల మీదికెక్కించి, పైన ముసుగు కప్పేసేవాడు. పాత ఫ్లానెల్ దుప్పట్లు అతికించి ఆ ముసుగు కుట్టింది ఐలీయే. వాళ్ళ ఊరు కాల్యుమెట్‌లో ఏ బండి అయినా ఆ ఉప్పుకు తుప్పు పట్టి, కొన్నేళ్ళకు అంచులు కొరికేసిన రొట్టెలా తయారవుతుంది. ఈ కారు మాత్రం కొన్ననాటి నుంచీ ఒక్క ఉప్పురవ్వ ఎరగదు. ఆ సంగతి ఊళ్ళో చర్చి పాస్టరుకు కూడా తెలుసు.

దాన్ని చలికాలానికి సిద్ధం చేసింది మరిది రేనో. పని చేస్తున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాడు.

"నాలుగూ మంచు టైర్లే వేశాను వదినా. వెనక రెండే వేసి సరిపెట్టుకునే వెధవలుంటారు. మలుపు తిరగబోయి నేరుగా ఎవరి వంటింట్లోకో పోతారు. డిక్కీలో ఇసుక బస్తాలు పెట్టాను. సరిగ్గా ఇరుసు మీదే ఉండాలి, వెనక్కి జరగనివ్వకు. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచు, అదీ బరువే."

"సరే."

"ఈ జెండా యాంటెన్నాకి. మలుపుల దగ్గర మంచు గట్లు నీ కారు కంటే ఎత్తుంటాయి. కనీసం జెండా చూసైనా అవతలివాడు ఆగుతాడు."

"సరే."

"పెద్ద బండి దొరికేదాకానే సుమా! ఆ తర్వాత దీన్ని కడిగి దిమ్మెలెక్కించేస్తా. అన్నయ్యకు తెలిస్తే ఇద్దర్నీ కలిపి పాతేస్తాడు."

"తెలియదులే," అంది ఐలీ.

ఆ మాటకు రేనో తల తిప్పుకున్నాడు. ఐలీకి మాత్రం ఏమీ అనిపించలేదు. జూన్‌లో ఎల్మర్‌కు మెదడులో నరం చిట్లినప్పటి నుంచీ ఆమెకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు. కాఫీ చల్లారిపోయిందని సగం తాగాక తెలుస్తుంది. తలుపు తెరిచే ఉంచేసిందని ఇల్లంతా గడ్డకట్టాక తెలుస్తుంది. ఏడుపు వస్తుందేమోనని మొదట్లో ఎదురు చూసింది. తర్వాత అదీ మానేసింది.

రోజూ పొద్దున గ్రంథాలయంలో పని, మధ్యాహ్నం కొండ దిగి పక్క ఊరు హ్యాన్‌కాక్‌లో ఎల్మర్ ఉన్న రోగుల ఆశ్రమం. మధ్యలో కొట్టు, పోస్టాఫీసు. అన్నిటికీ ఆ కారే. రెండో గేరులో మెల్లగా కదిలించాలి. మలుపులో వెనక భాగం పక్కకు జారితే స్టీరింగు కూడా అటే తిప్పి, యాక్సిలరేటరు మీంచి కాలు నెమ్మదిగా తీయాలి. బ్రేకు తొక్కితే అంతే సంగతులు. తాజా మంచు పడ్డ రోజున కారు ముక్కు పారలా మంచును తోసుకుంటూ పోయేది. మొదటి వారంలో రెండుసార్లు కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దారికేసి నిలబడింది. ఐలీ గుండె ఒక్క దెబ్బయినా ఎక్కువ కొట్టుకోలేదు. కాసేపలా కూర్చుని, గేరు మార్చి, మళ్ళీ బయల్దేరింది.

ఆశ్రమంలో ఎల్మర్ కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చునేవాడు. నడవగలడు, చెయ్యి కూడా చాలావరకు బాగుపడింది. కానీ ఆమె ఎవరో తెలియదు. ఐలీ లోపలికి వస్తే మర్యాదగా తలూపేవాడు. ఎవరో చర్చి తరఫున రోగుల్ని పలకరించడానికి వచ్చారనుకునేవాడేమో. ఆమె యాలకుల రొట్టె కోసి పెట్టేది. తినేవాడు. "బాగుందమ్మా," అనేవాడు. అంతటితో ఆ పూటకు మాటలు అయిపోయేవి. ఐలీ కోటు కూడా విప్పకుండా గంటసేపు కూర్చుని వెళ్ళిపోయేది.

డిసెంబరులో ఒక రోజు ఆయాగా పనిచేసే డార్లా అతని పక్క సర్దుతూ కుర్చీని కిటికీ వైపు తిప్పింది. ఐలీ గదిలోకి వచ్చేసరికి ఎల్మర్ లేచి నిలబడి, అద్దానికి ముక్కు ఆనించి కిందికి చూస్తున్నాడు.

"ఎవరిదా కారు?"

జూన్ తర్వాత అతని నోట వచ్చిన మొదటి ప్రశ్న అది. డార్లా చేతిలో దిండు అలాగే ఉండిపోయింది.

"నాది," అంది ఐలీ.

అతను ఇటు తిరిగి ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "మీదా? మీకు బుద్ధుందా? అలాంటి కారును ఉప్పులో తిప్పుతారా ఎవరైనా? చక్రాల పైన చూడండి, తెల్లగా పిండి కొట్టినట్టుంది. లోపల రేకు ఏమవుతోందో తెలుసా మీకు?"

"వేరే బండి లేదండీ."

"లేకపోతే నడవండి! ఏటవాలులో పెట్టారు మళ్ళీ. హ్యాండ్‌బ్రేక్ వేశారా?"

ఐలీ ఒక్క క్షణం ఆలోచించింది. వేసింది. ఆ ఊళ్ళలో చలికాలంలో హ్యాండ్‌బ్రేక్ జోలికి ఎవరూ పోరు. తడి గడ్డకట్టి వెనక చక్రాలు బిగుసుకుపోతాయని స్కూలు పిల్లలకు కూడా తెలుసు. గేరులో పెట్టి దిగిపోతారు. పెద్ద బండిలో ఆమె అదే చేసేది. కానీ ఈ కారులో ఆమె ఎప్పుడూ వేసవిలోనే కూర్చుంది. దిగేముందు హ్యాండ్‌బ్రేక్ లాగమని ఎల్మర్ ప్రతిసారీ చెప్పేవాడు. ఈ పూట ఆ సీట్లోంచి దిగబోతుంటే చెయ్యి దానంతటదే అటు పోయింది.

"వేశాను."

"వేశారట!" అన్నాడు డార్లాతో. "విన్నావా? ఈవిడ ఈ పూట ఇక్కడే పడుకుంటుంది. ఒక మంచం చూడు."

డార్లా పగలబడి నవ్వింది. ఎల్మర్ నవ్వలేదు. అతను చెప్పినట్టే జరిగింది. వెనక చక్రాలు తిరగకుండా మొరాయించాయి. ఐలీ కారును ముందుకూ వెనక్కూ ఊపుతుంటే పైన కిటికీలోంచి ఎల్మర్ చేతులు ఊపి సైగలు చేశాడు, అలా కాదు, ఇలా అని. చివరికి డార్లా కెటిల్‌తో వేడినీళ్ళు తెచ్చి పోస్తే చక్రాలు వదిలాయి. ఇంటికి వెళ్ళేదారిలో, కొండ సగం ఎక్కాక, తనకు చలేస్తోందని ఐలీ గమనించి హీటరు పెంచింది.

మరునాటి నుంచి ఎల్మర్ కిటికీ దగ్గరే ఉండేవాడు.

"వచ్చిందండీ మహాతల్లి! ఆ మలుపు తిరగడం చూశాను. స్టీరింగు పట్టుకున్నారా, పిండి పిసుకుతున్నారా?"

"వెనకభాగం జారిందండీ."

"జారుతుంది. అది దాని పని. మీ పని ఏమిటి? కంగారు పడకుండా ఉండటం. ఎవరు నేర్పారు మీకు?"

"మా ఆయన."

"ఆయనకూ రాదన్నమాట."

ఐలీ రొట్టె కోసింది. అతను తింటూ తిట్టాడు. తిడుతూ కారు కింద గొట్టాల గురించి, తుప్పు ముందుగా ఎక్కడ మొదలవుతుందన్న దాని గురించి చెప్పాడు. చలిలో తలుపు రబ్బర్లకు ఏం రాయాలో చెప్పాడు. ఆ మాటలన్నీ ఆమె ఏళ్ళ తరబడి షెడ్డులో, సగం వింటూ సగం వినకుండా విన్నవే. ఇప్పుడు అన్నీ విన్నది.

క్రిస్మస్ ముందు రేనో ఆ కారును చూసి మండిపడ్డాడు. ఆమెను తీసుకెళ్ళి, వేడినీళ్ళు కొట్టే చోట కిందా మీదా కడిగించాడు. ఆ మధ్యాహ్నం ఎల్మర్ కిటికీలోంచి నిగనిగలాడే కారును చూశాడు, తలూపాడు, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. రొట్టె తిన్నాడు.

"బాగుందమ్మా."

అంతే. ఐలీ గంటసేపు ఎదురు చూసింది. ఇంకో మాట లేదు.

ఆ తర్వాత ఆమె కారు కడగలేదు. షెడ్డులోకి వచ్చాక చక్రాల లోపల పేరుకున్న బురదమంచును తన్ని రాల్చడం కూడా మానేసింది. జనవరి చివరికి తలుపు కింద రంగు బుడగలు తేలింది. వేలితో నొక్కితే బుడగ పగిలి గోధుమరంగు పొడి రాలింది. ఎల్మర్ ఏటేటా మైనం రుద్దిన చోటు అది. ఐలీ ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. బాధపడాల్సిన విషయమని తెలుసు. వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది.

ఫిబ్రవరిలో రేనో పికప్ బండి తెచ్చాడు. నాలుగు చక్రాలూ తోసేది, ఎత్తయినది. తాళాలు బల్లమీద పెట్టి తిన్నగా షెడ్డులోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అతని మొహం కందగడ్డలా ఉంది.

"తలుపు కింద చూశావా వదినా?"

"చూశాను."

"చూసి కూడా తిప్పుతున్నావా? నేను కడిగించి ఎన్నాళ్ళయింది? ముప్పై ఏళ్ళు అన్నయ్య దాన్ని పసిపిల్లలా చూసుకున్నాడు. తను బాగుండి ఉంటే నిన్ను చంపేసేవాడు!"

"బాగుండి చంపమను," అంది ఐలీ.

గొంతు పెంచలేదు. రేనో మాత్రం కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఈ రోజు పికప్‌లో వెళ్దాం. నేనూ వస్తాను," అన్నాడు. ఆమె కాదనలేదు.

కొండ దిగుతుంటే పికప్ అటూ ఇటూ కదలకుండా రోడ్డును పట్టుకుని పోయింది. ఐలీ చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. దారిలో ఏం దాటుకొచ్చారో ఆమెకు గుర్తు లేదు.

ఎల్మర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వీళ్ళు గదిలోకి వచ్చినా తిరగలేదు. రేనో, "ఎలా ఉన్నావు అన్నయ్యా?" అన్నాడు. ఐలీ రొట్టె పొట్లం విప్పింది. అతను దాని వంక చూడలేదు.

"మీరు కొండమీంచే వచ్చారా?" అని అడిగాడు, రోడ్డుమీంచి కళ్ళు తిప్పకుండానే.

"అవును," అంది ఐలీ.

"దారిలో గుంటలో ఎర్ర కారేమైనా కనబడిందా?"

రేనో వదిన వంక చూశాడు.

"లేదండీ. ఎందుకు?"

"ఒకావిడ రోజూ వస్తుంది ఈపాటికి. నడపడం చేతకాదు, చెబితే వినదు. పొద్దుటి నుంచి సరస్సు గాలి ఎలా కొడుతోందో చూడండి. ఎక్కడ తిరగబడిందో ఏమో." అతని వేళ్ళు కిటికీ గట్టు మీద టకటకలాడాయి. "ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేరో. వాళ్ళయినా చెప్పాలి కదా!"

"ఆవిడ క్షేమంగానే ఉంది," అంది ఐలీ.

"మీకు తెలుసా ఆవిడ?"

"కొంచెం తెలుసు."

"అయితే ఫోన్ చెయ్యండి. ఊరికే నిలబడతారేం?"

ఐలీ సంచిలోంచి ఫోన్ తీసింది. ఎవరికి చెయ్యాలో తోచలేదు. వెనక నుంచి రేనో ముక్కు చీదిన చప్పుడు. అతను ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, వరండాలోకి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి గట్టిగా మాట్లాడాడు. "హలో, ఎర్ర కారావిడేనా? ఆఁ, ఆఁ. ఇంట్లోనే ఉన్నారా? మంచిది. ఇక్కడ ఒకాయన మీకోసం కంగారు పడుతున్నారు. అలాగే, రేపు రండి." లోపలికి వచ్చి, "రేపు వస్తుందట," అన్నాడు.

ఎల్మర్ భుజాలు దిగాయి. కుర్చీలో కూర్చుని రొట్టె అందుకున్నాడు.

ఇల్లు చేరాక రేనో షెడ్డులోకి వెళ్ళి, ఎర్ర కారు టైర్లలో గాలి చూశాడు. ముందు రెండింటికీ కొంచెం కొట్టాడు. పికప్ తాళాలు తన జేబులోనే వేసుకుని, పొద్దు గూకకముందే వెళ్ళిపోయాడు.

మరునాడు మలుపు దగ్గర వెనకభాగం ఎప్పటిలాగే పక్కకు జారింది. ఐలీ స్టీరింగు అటే తిప్పింది, కాలు నెమ్మదిగా తీసింది. కారు మళ్ళీ తిన్నగా అయింది. ఆశ్రమం ముందు ఆపి గేరులో పెట్టి దిగింది. పైన కిటికీలో అతను అప్పుడే వేలు ఆడిస్తున్నాడు.

గదిలోకి రాగానే మొదలుపెట్టాడు. "నిన్న రాలేదేం?"

"గాలి ఎక్కువగా ఉంది కదండీ."

"గాలికేం, రోజూ ఉంటుంది. రాకపోతే రావడం లేదని చెప్పాలి. ఇక్కడ మనుషులు ఎదురు చూస్తుంటారు." కిందికి వంగి కారు వంక చూశాడు. "ఆ తలుపు కింద ఏమిటది? తుప్పేనా? నేను చెప్పానా లేదా?"

"చెప్పారు."

"వసంతం దాకా ఆగదు అది. పూర్తిగా తినేస్తుంది. తర్వాత ఏడ్చి లాభం లేదు, తెలిసిందా?"

"తెలిసింది," అంది ఐలీ. కోటు విప్పి అతని మంచం మీద వేసి, అతని పక్కనే కిటికీ దగ్గర నిలబడింది. "ఇంకెక్కడెక్కడ పట్టిందో చెప్పండి."

అతను అద్దం మీద వేలు పెట్టి ఒక్కొక్క చోటే చూపించడం మొదలుపెట్టాడు.