నిచ్చెనెక్కిన గీత

రోడ్లు, వంతెనలు, యంత్రాల మీద మన దేశమూ పొరుగు దేశమూ నలభై ఏళ్లుగా పెట్టిన పెట్టుబడిని మా గణాంకాల ఆఫీసు గోడ మీద గీయడం నా పని. మనది నీలం, వాళ్లది ఎరుపు. మన గీత నా మోకాలి దగ్గరే నత్తనడక నడిచింది. వాళ్లది కాగితం దాటింది. పైన ఇంకో కాగితం అంటించాను, అదీ దాటింది. నిచ్చెనెక్కాను.

"కొలత మార్చవయ్యా, మన పరువు పోతుంది!" అన్నారు ఆఫీసరుగారు.

"కొలత మారిస్తే వాళ్ల వంతెనలు కుంచించుకుపోతాయా సార్?" ఒళ్లు మండి అడిగాను.

ఎరుపు గీత పైకప్పుకు తగిలింది. ఆఫీసంతా నోరెళ్లబెట్టింది. ఊడ్చే అక్క చీపురు గోడకానించి, "ఇంత పైకెక్కిందే, అసలెక్కడ మొదలైంది తమ్ముడూ?" అంది.

దిగివచ్చి, నేలకు జానెడెత్తున వేలు పెట్టాను. రెండు గీతలూ ఒకే చుక్కలోంచి బయల్దేరాయి.

ఆఫీసరుగారు మోకాళ్ల మీద కూర్చుని, ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయారు.