పొగడ్త కాపీ, తిట్టు కాపీ

ఆ ఆఫీసులో ప్రతి సమీక్షనూ రెండుసార్లు రాసేవారు. ఒకటి పొగడ్త కాపీ, ఇంకొకటి తిట్టు కాపీ. కంప్యూటర్ తెర మీది బొమ్మలూ గుండీలూ కాస్త అటూ ఇటూ జరిగితే చాలు, అది విప్లవమనో విధ్వంసమనో లోకమంతా చాటి పొట్టపోసుకునే వార్తల సైటు అది. అందులోనూ కంప్యూటర్ తెరను నడిపే లినక్స్ డెస్క్‌టాప్‌లంటే పండగే. అవి ఎవరి సొత్తూ కావు. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని, ఖాళీ వేళల్లో తయారుచేసి, ఊరికే ఇచ్చేస్తారు. డబ్బు తీసుకున్నవాణ్ణి తిట్టడం కంటే ఊరికే ఇచ్చినవాణ్ణి తిట్టడంలో ఎక్కువ హాయి ఉందని ఆ సైటు పాఠకులు ఏనాడో కనిపెట్టారు.

కొత్త వెర్షన్ విడుదల కాకముందే రెండు కాపీలూ సిద్ధంగా ఉండాలి. విడుదలయ్యాక ఎడిటర్ మిగతా సైట్లు చూస్తాడు, కామెంట్లు చూస్తాడు, జనం ఎటు మొగ్గితే అటు కాపీ వేస్తాడు. "గాలి ఎటుందో చూడాలమ్మా" అనేది ఆయన ఊతపదం. అందుకే చాటుగా అందరూ ఆయన్ను గాలిగారు అనేవారు. అచ్చు కాని కాపీ చెత్తబుట్టలోకి పోయేది. అచ్చయినదాని కింద కూడా రాసినవాళ్ళ పేరుండదు, 'డెస్క్' అని మాత్రం ఉంటుంది. నలుగురూ కలిసి కొట్టినప్పుడు దెబ్బ ఎవరిదో తెలియకూడదు కదా, అదీ ఏర్పాటు.

లినక్స్ సమీక్షలన్నీ రాసేది అక్కడ ఒకే ఒకామె. చెయ్యి తిరిగిన మనిషి. ఐకాన్ల మూలలు గుండ్రంగా చేశారనుకోండి, పొగడ్త కాపీలో "కంటికి చలువ" అని రాసేది, తిట్టు కాపీలో "అరిగిపోయిన సబ్బుబిళ్ళలు" అని రాసేది. రెండూ మనసారా నమ్మి రాసినట్టే ఉండేవి. అసలు తను నమ్మేదేమిటో చూసుకునే అలవాటు ఆమెకు ఆ ఉద్యోగంలోనే పోయింది.

ఈసారి చిక్కేమిటంటే, రాబోయే డెస్క్‌టాప్‌లో అందరూ చెప్పుకుంటున్న కొత్త ప్యానెల్‌ను తయారుచేసింది ఆమె సొంత తమ్ముడు.

తమ్ముడు పగలంతా ఆఫీసుల చుట్టూ తిరిగి ప్రింటర్లు బాగుచేస్తాడు. ఇంటికి రాగానే చేతులకంటిన ఇంకు కడుక్కుని ఈ పనిలో కూర్చుంటాడు. ఎన్నాళ్ళనుంచో తెర అడుగున పడుకుని ఉన్న ప్యానెల్ పట్టీని అతను లేపి ఎడమవైపు నిలబెట్టాడు. తెర మీద తెరిచిన కిటికీల, అంటే విండోల, పేర్లు తీసేసి బొమ్మలు పెట్టాడు. కంప్యూటర్ ఆపే గుండీని తెర మీది గడియారం లోపల దాచాడు. గడియారాన్ని కాసేపు నొక్కిపట్టుకుంటే అది బయటికి వస్తుంది. అతనికి అది ముద్దుగా అనిపించింది. తన చేత్తో చేసిన వస్తువు లక్షలమంది తెరల మీదికి వెళ్ళడం అతనికి ఇదే మొదటిసారి.

తన బృందానికి పంపేముందు అక్క దగ్గరికి తెచ్చాడు.

"అక్కా, ఒక్కసారి చూసి చెప్పవూ. నువ్వు చూడని డెస్క్‌టాప్ లేదు. నువ్వు బాగుందంటే పంపించేస్తా. లేదంటే మళ్ళీ కూర్చుంటా."

ఆ సాయంత్రం ఆమె గాలిగారితో మాటామాటా అనుకుని వచ్చి ఉంది. ఫోన్ లోంచి తలెత్తి చూసింది. చూడగానే తెలిసింది. కంప్యూటర్ ఆపాలనుకున్నవాడు గడియారంలో ఎందుకు వెతుకుతాడు? రెండు కిటికీలకు ఒకటే బొమ్మ ఉంటే ఏది ఏదని పోల్చుకుంటాడు? అవన్నీ చెప్పాలంటే ఓపిక కావాలి, వాడి ముఖం వాడిపోతుంటే చూడాలి, మళ్ళీ ఓదార్చాలి.

"బాగుందిరా, చాలా బాగుంది" అంది.

వాడి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆమెకు ఏదో పుణ్యకార్యం చేసినంత తృప్తి కలిగింది. ఆ రోజే పంపించేశాడు.

ఇంట్లో అమ్మ కంప్యూటర్‌లో కూడా దాన్నే పెట్టాడు. అమ్మ బట్టలు కుడుతుంది. కొత్త కొత్త నమూనాలు చూసుకోవడానికి ఆ కంప్యూటర్ ఆమెకు కత్తెర ఎంతో అంత. ఒకరోజు పని అయ్యాక అమ్మ కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుని గోడ దగ్గరికి నడిచి, ప్లగ్గు పీకేయడం కూతురి కంటపడింది.

"అదేంటమ్మా?"

"దాన్ని ఆపడం ఎలాగో తెలిసి చావట్లేదే. రోజూ ఇంతే. వాడికి మాత్రం చెప్పకు. అంత కష్టపడి చేశాడు, మనసు కష్టపెట్టుకుంటాడు."

తల్లీకూతుళ్ళు నోటికి చేతులు అడ్డుపెట్టుకుని నవ్వుకున్నారు. తరవాత ఇద్దరూ ఆ మాట కడుపులో పెట్టుకుని ఊరుకున్నారు. ప్రేమ పేరు చెప్పి ఇళ్ళల్లో జరిగే మోసాలు చాలావరకు ఇలాగే నవ్వుతూ మొదలవుతాయి.

కాపీలు రాసే రోజు వచ్చింది. పొగడ్త కాపీ ఎంతకీ నడవలేదు. సొంత తమ్ముణ్ణి ఆకాశానికెత్తుతుంటే మునివేళ్ళు మొరాయించాయి. "సరికొత్త అనుభూతి" అనీ, "ఆహ్లాదకరం" అనీ పాత మాటలే అతికించి ముగించింది. తిట్టు కాపీకి వచ్చేసరికి వేళ్ళకు రెక్కలొచ్చాయి. తమ్ముడికి చెప్పనివన్నీ అక్కడ చెప్పింది. పేర్లు పోయిన సంగతీ, బొమ్మలు కలిసిపోయిన సంగతీ, గడియారం సంగతీ ఒక్కటీ వదలకుండా ఉతికి ఆరేసింది. చివర్లో అమ్మను కూడా లాక్కొచ్చింది: "మాకు తెలిసిన ఒక పెద్దావిడ రోజూ లేచి గోడ దగ్గరికి నడిచి ప్లగ్గు పీకేస్తోంది. ఈ ప్యానెల్ మీద ఇంతకంటే సూటైన సమీక్ష ఎవరూ రాయలేరు."

మళ్ళీ చదువుకుంటే, ఈ మధ్యకాలంలో ఇంత బాగా ఏదీ రాయలేదనిపించింది. గర్వపడింది కూడా. అది అచ్చవదులే అని సర్దిచెప్పుకుంది. ప్యానెల్ చేసింది తమ్ముడని గాలిగారికి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఈ సమీక్షలు ఇంకొకరి చేతిలో పెడతాడు. అందరికంటే ముందు ఆమెకు తెలిసే లోపలి కబుర్లన్నీ భోజనాల దగ్గర తమ్ముడి నోటి నుంచి వచ్చినవే మరి.

విడుదల రోజు పొద్దున్న గాలి చల్లగానే వీచింది. మిగతా సైట్లన్నీ తలా ఒక పూలదండ వేశాయి. వాళ్ళలో సగంమంది దాన్ని తెరిచి కూడా చూడలేదని వాళ్ళు పెట్టిన ఫొటోలే చెబుతున్నాయి. తమ్ముడి బృందం పంపిన ఫొటోలే అందరూ పెట్టారు. గాలిగారు మధ్యాహ్నం దాకా చూసి పొగడ్త కాపీ వేద్దామన్నాడు. ఆమె గుండెల మీద బరువు దిగింది. అయితే మంచి కాపీ వృథా అయిందే అన్న చిన్న బాధ కూడా కలిగింది. ఆ బాధకు సిగ్గుపడాల్సింది, పడలేదు.

మధ్యాహ్నానికి అంతా మారిపోయింది. వీడియోలు చేసే ఒకాయన, లక్షలమంది చూస్తుండగా, కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక తెరంతా వెతికి వెతికి, చివరికి బూతు ఒకటి తిట్టి లేచిపోయాడు. పొద్దున్న దండలు వేసిన చేతులే రాళ్ళు వెతుక్కోసాగాయి. గాలిగారు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గాలి తిరిగిందమ్మా. నీ తిట్టు కాపీ చదివా. ఇలాంటిది నువ్వు ఇంతవరకు రాయలేదు. ఆ ప్లగ్గు పీకే ముసలావిడ నిజంగా ఉందా, కల్పించావా?"

"ఉంది సార్."

"అయితే ఇంకేం. వేసెయ్యనా?"

ఒక్క మాట చాలు. వాడు మా తమ్ముడు సార్ అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దాని వెనకే ఉద్యోగం వచ్చింది, ఇన్నాళ్ళూ దాచినందుకు పడబోయే చీవాట్లు వచ్చాయి, ఆ చక్కటి చివరి వాక్యం వచ్చింది.

"మీ ఇష్టం సార్" అంది.

ఆ సమీక్ష దావానలంలా పాకింది. మిగతా సైట్లు అందులోంచే ఎత్తి రాశాయి. జనం దానికి ప్లగ్గు ప్యానెల్ అని పేరు పెట్టారు. పీకేసిన ప్లగ్గుల ఫొటోలు తీసి తమ్ముడి బృందానికి కుప్పలుతెప్పలుగా పంపారు. చేసినవాడెవడని తవ్వి తీశారు. వీడికి ప్రింటర్లే ఎక్కువ అన్నాడొకడు. తల్లి కడుపున చెడబుట్టాడు అన్నాడు ఇంకొకడు. ఒక్క రూపాయి ఇవ్వకుండా వాడుకునే మనుషులు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆమె కామెంట్లన్నీ చదివింది. చదవకుండా ఉండలేకపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు అమ్మ కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు.

"అమ్మా, దీన్ని ఎలా ఆపుతున్నావు?"

అమ్మ కూతురి వైపు చూసింది. "ఎలా ఏముందిరా, ఆపుతూనే ఉన్నాగా."

"ఒకసారి ఆపి చూపించు."

అమ్మ కాసేపు కొంగు సర్దుకుంది. సూదులడబ్బా మూత పెట్టింది. ఇక తప్పదని లేచి, గోడ దగ్గరికి నడిచి, కొడుకు ముఖం చూడకుండా ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది. అతను ఆ నల్లటి తెరనే చూస్తూ అన్నాడు.

"నువ్వే రాశావక్కా."

"మా దగ్గర రెండు కాపీలు రాస్తాం, నీకు తెలుసుగా. అది వెయ్యరనుకున్నా."

"నేను అడిగేది అది కాదు. అందులో ఉన్నదంతా నిజమేనా?"

"నిజమే."

"నేను తెచ్చి చూపించిన రోజే నీకు తెలుసా?"

ఆమె తలూపింది.

"మరి బాగుందని ఎందుకన్నావు?"

"నువ్వు బాధపడతావని."

"ఒక్క పూట బాధపడేవాణ్ణి. మళ్ళీ కూర్చుని మార్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరంతా కలిసి అమ్మ పేరెత్తి తిడుతుంటే బాధ లేదా?"

ఆమెకు ఒళ్ళు మండింది. తప్పు తనదని తెలిసిన కొద్దీ ఇంకా మండింది. "నీకు కళ్ళు లేవా? అమ్మ ఇంట్లోనే ఉంది. పక్కన కూర్చుని ఒక్కసారైనా చూశావా ఆవిడ ఎలా వాడుతుందో? గుండీ తీసుకెళ్ళి గడియారంలో దాచింది నువ్వు. నన్నంటావేంటి?"

"అవును, దాచాను. నాకు తెలీదు కాబట్టే నిన్నడిగాను" అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు.

"ఊరుకోండర్రా ఇద్దరూ" అంది అమ్మ.

"నువ్వూ చెప్పలేదమ్మా" అన్నాడు. ఆ మాటకు అమ్మ ప్లగ్గు చేత్తో పట్టుకునే కూలబడింది.

మర్నాడు తమ్ముడు తన బృందానికి అందరికీ కనిపించేలా రాశాడు: "ఈ ప్యానెల్‌ను వెనక్కి తీసుకుంటున్నాను. సమీక్షలో రాసినవన్నీ నిజాలే. పంపేముందు ఇంట్లో కూడా సరిగ్గా అడిగి తెలుసుకోలేకపోయాను. తప్పు నాది. ఇక మీదట నేను ఈ పనిలో ఉండను."

గాలిగారికి ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. "చూశావా, మన దెబ్బకి దిగొచ్చారు. మళ్ళీ రెండు కాపీలు కొట్టు. ప్రజల మాట విన్న మహానుభావుడు అని ఒకటి, గోలకి జడిసి పారిపోయిన పిరికివాడు అని ఒకటి. ముందు ఆ కుర్రాడి చేత రెండు ముక్కలు చెప్పించు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆమె సీట్లో కూర్చుని తమ్ముడికి ఉత్తరం మొదలుపెట్టింది. "ఒరేయ్" అని కొట్టి చెరిపేసింది. "నాన్నా" అని కొట్టి చెరిపేసింది. చివరికి ఆఫీసువాళ్ళు ఎవరికైనా పంపే మామూలు ముక్కలే పంపింది. "నమస్కారం. మీ నిర్ణయం గురించి మా పాఠకులతో ఏమైనా పంచుకోదలిస్తే తెలియజేయగలరు. ఇట్లు, డెస్క్."

జవాబు వెంటనే వచ్చింది. "నమస్కారం మేడమ్. మీ సమీక్ష పూర్తిగా చదివానండి. చెప్పాల్సిందంతా మీరే చెప్పారు. నేను కలపాల్సింది ఏమీ లేదు. శ్రమ తీసుకుని రాసినందుకు కృతజ్ఞతలు."

గాలిగారు ఆమె భుజం మీదుగా చదివాడు. "పాపం, మర్యాదస్తుడిలా ఉన్నాడే" అన్నాడు. దాన్ని యథాతథంగా వేయించాడు.

ఆమె ఆ రోజు త్వరగా లేచింది. దారి పొడుగునా తిట్లు ఊహించుకుంది. ఏం తిట్టినా పడాలనుకుంది, కొట్టినా పడాలనుకుంది. ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు అమ్మ కంప్యూటర్‌లో పాత డెస్క్‌టాప్ మళ్ళీ పెట్టి, ఎలా ఆపాలో నేర్పుతున్నాడు. అమ్మ వేలు ఆనించి గుండీ నొక్కింది. తెర ఆరిపోతే చిన్నపిల్లలా మురిసిపోయి, మళ్ళీ వెలిగించమంది.

ఆమె గుమ్మంలోనే చెప్పులు విడిచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"తిట్టరా" అంది. "నోటికొచ్చినట్టు తిట్టు. నాకేమీ అనిపించదు. నాతో మాట్లాడు చాలు."

అతను లేచి నిలబడ్డాడు. ముఖంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. గోడవారనున్న కుర్చీని తెచ్చి, దాని మీది బట్టముక్కలు తీసి, ఆమె ముందు వేశాడు.

"కూర్చోండి" అన్నాడు.

తెర వైపు తిరిగి ఉన్న అమ్మ, ఇంటికి ఎవరో వచ్చారనుకుని గబగబా కొంగు సర్దుకుంటూ వాకిలి వైపు చూసింది.