ఇద్దరు సి. అళగర్సామిలు

ఆ రోజు ఎనిమిదో తరగతికి ‘మ్యాచ్’ అనే మాట గురించి చెబుతున్నాను. అది పాఠంలో లేదు. కానీ మా కోవిల్‌పట్టిలో సగం మంది పిల్లల అమ్మలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేవాళ్లే. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియకుండా వీళ్లు బడి దాటిపోతే నా మనసు ఒప్పదు.

“అగ్గిపుల్ల మ్యాచ్ వేరు, క్రికెట్ మ్యాచ్ వేరు,” అన్నాను తమిళంలో. ఇంట్లో తెలుగే అయినా బడిలో మాది తమిళమే. “మొదటిది ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్లకది దీపం వత్తి. ఇంకా వెనక్కి పోతే గ్రీకులో ముక్కు చీమిడి అని కొందరు పండితులంటారు. దీపం మూతిలోంచి వత్తి వేలాడుతుంది కదా, అందుకని.” తరగతి గొల్లుమంది. “రెండోది ఇంగ్లీషువాళ్ల సొంత మాట. జోడు అని అర్థం. ఎదురుజట్టుతో ఆటా అదే, పెళ్లి సంబంధమూ అదే, చీరకు రవిక కుదరడమూ అదే. చూడ్డానికి ఒకటే, పుట్టుక వేరు.”

అప్పుడే జేబులో ఫోను కదిలింది. విరుదునగర్ ల్యాబు నుంచి మెసేజి. రెండే వరుసలు. సి. అళగర్సామి: మ్యాచ్. సి. అళగర్సామి: నో మ్యాచ్.

సుధాలక్ష్మి అనే పిల్ల లేచి ఏదో అడిగింది. నాకు వినపడలేదు. చదువుకుంటూ ఉండండని చెప్పి బయటికొచ్చి ఆ రెండు వరుసలూ మళ్లీ చదివాను.

మా అత్త సుబ్బులక్ష్మికి, అంటే మా నాయన అక్కకు, రెండు కిడ్నీలూ చెడిపోయి పద్నాలుగు నెలలైంది. వారానికి మూడు రోజులు విరుదునగర్‌లో డయాలసిస్. ఈ మధ్య మిషను మీద ఉండగానే రెండుసార్లు స్పృహ తప్పింది. ఇంక ఎవరైనా కిడ్నీ ఇవ్వాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. అత్తకు పిల్లల్లేరు. తమ్ముళ్లిద్దరికీ షుగరు. మిగిలింది ఆమె ఎత్తుకు పెంచిన మేనల్లుళ్లం, మేమిద్దరం, అన్నదమ్ముల బిడ్డలం. మేనల్లుళ్లు ఇవ్వాలంటే కమిటీ ఒప్పుకోవాలట. అది తర్వాతి సంగతి, ముందు రక్తం కుదరాలన్నారు. ఇద్దరం పోయి రక్తం ఇచ్చి వచ్చాం.

ఇద్దరి పేరూ అళగర్సామే. అది మా తాత పేరు. మా వాళ్లలో పెద్దకొడుక్కి తాత పేరు పెట్టి తీరాలి. తాతకు కొడుకులిద్దరు, కాబట్టి అళగర్సామిలూ ఇద్దరు. ఇంట్లో ఏ చిక్కూ రాలేదు, ఎందుకంటే కోడళ్లు మామ పేరు పలకరు. మా అమ్మలు మమ్మల్ని పేరు పెట్టి ఒక్కసారి కూడా పిలవలేదు. ఊళ్లోవాళ్లకు నేను బడి అళగరు, వాడు ఆపీసు అళగరు. ఆపీసంటే కుర్చీ, ఫ్యాను అనుకునేరు. మా వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని తీపెట్టి ఆపీసంటారు. వాడు పొద్దస్తమానం అక్కడ అగ్గిపుల్లల మందు కలిపే చోట నిలబడి ఉంటాడు.

కాగితాల మీద మాకు ఇంటిపేర్లుండవు, తండ్రి పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరమే. వాడి తండ్రి చెల్లసామి, నా తండ్రి చెల్లదురై. ఇద్దరమూ ‘సి’. పైగా మమ్మల్ని ఒకే రోజు బడిలో చేర్చిన తాత, ఏదో ఒక తేదీ రాసుకోండి సామీ అన్నాడట. హెడ్మాస్టరు ఇద్దరికీ జూన్ ఒకటి రాశాడు. ఆధార్‌లోకీ అదే ఎక్కింది. పద్ధతంటే మా వాళ్లకు ప్రాణం. ఇప్పుడు ప్రాణం మీదికే వచ్చింది.

కుదిరింది వాడిదే కావాలని నేను కోరుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ కోరుకున్నాను.

మధ్యాహ్నం బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. వాడి చొక్కాకు గంధకం వాసన.

“నాదే కుదిరిందిరా. నాకు తోస్తాండాది,” అన్నాడు.

“ఎట్ల చెప్తావన్నా?” నాకంటే నాలుగు నెలలు పెద్ద, అందుకని అన్నా అనాలి.

“అత్త చేతి కూడు ముందు తినింది నేనే కదా. నువ్వు కవలపడొద్దు, దిగులేమీ వద్దు. మూడు నెలలు లీవు కావాలని మేస్త్రీకి అప్పుడే చెప్పి పెట్టినాను.”

సాత్తూరు దాటేదాకా లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. నాకు ఎనిమిదేళ్ల కూతురు కార్తిక ఉంది. వాడికీ ఇద్దరు పిల్లలున్నారు. నాది కాసేపు కూర్చోగలిగే పని, వాడిది రోజంతా నిలబడే పని. ఎటు నుంచి ఆలోచించినా తప్పు నా మీదికే వస్తోంది. కిడ్నీ కుదరడంలోని మ్యాచ్ తరగతిలో చెప్పిన రెండోదే, జోడు అన్నదే. అది తెలిసినంత మాత్రాన నా భయం తగ్గలేదు. నిఘంటువులో ధైర్యం దొరకదు.

ఆసుపత్రి చేరగానే వాడు నేరుగా మేడ మీదికి, డయాలసిస్‌లో ఉన్న అత్త దగ్గరికి పోయాడు. నేను ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇద్దరిదీ ఒకే పేరన్న సంగతి చెబితే లోపలి అమ్మాయి, “తండ్రి పూర్తి పేరు చెప్పండి సార్,” అంది.

“చెల్లసామి,” అన్నాను. ముందు నా తండ్రి పేరు చెప్పడానికి నోరు రాలేదు.

ఆమె కాగితాలు తిప్పింది. “ఆయన కొడుకుది కుదరలేదు సార్. చెల్లదురై గారి అబ్బాయిది కుదిరింది. ఆయన వచ్చారా?”

“వస్తాడు,” అన్నాను.

మెట్లెక్కుతుంటే ఒక మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఇద్దరిదీ కుదరలేదు. అంతే చెబితే చాలు. ఇంగ్లీషు కాగితం చదివేది మా ఇంట్లో నేనొక్కణ్ణే. నన్నెవరూ అడగరు.

పైన అత్త వాడి మణికట్టు పట్టుకుని ఉంది. మిషను తిరుగుతోంది. పద్నాలుగు నెలల్లో ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

“నీ అన్న ఇస్తాడంటరా,” అంది నన్ను చూసి.

“ఔను కదరా? చెప్పు,” అన్నాడు వాడు.

నేను ఆ నవ్వు వంక చూశాను.

“అన్నది కుదరలే అత్తా. నాది కుదిరింది.”

వాడి ముఖంలో ఊరట కోసం వెతికాను. దొరికి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లేదు. ఏదో చేజారిపోయినవాడిలా అత్త చేతిలోంచి చెయ్యి తీసుకుని నేల చూపులు చూశాడు.

అత్త నన్ను చాలాసేపు చూసింది. “నీదా? సూదేసే నర్సమ్మ వస్తే గాదె ఎనకాల దూరినోడివి నువ్వు. ఇప్పుడు పయంగా లేదా సామీ?”

“ఉండాది అత్తా. శానా పయంగా ఉండాది.”

వద్దులేరా అంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాను. అత్త అనలేదు. ట్యూబులు లేని చేత్తో దుప్పటి జరిపి మంచం మీద చోటు చేసింది.

“నాకున్ను పయమే. అయినా బతకాలని ఉండాదిరా,” అంది. “రా, కూకో.”

వెళ్లి కూర్చున్నాను.