తమ్ముడి మెడ

పవ్లే చెయ్యి తగిలిందంటే తగిలింది, అంతే. దాన్ని దెబ్బ అనడానికి కూడా లేదు. సాధన చివర్లో ఇద్దరూ అలిసిపోయి, నవ్వుకుంటూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతున్నప్పుడు, పవ్లే ఎడమ చేతి గ్లవ్ వుకాషిన్ చెవి వెనక రాసుకుంటూ పోయింది. వుకాషిన్ మోకాళ్లు మడతపడ్డాయి. నిలువునా కూలిపోయాడు.

మ్యాట్ అంచున నిలబడ్డ అక్క యాద్రాంక వుకాషిన్ కళ్లు చూసింది. ఒళ్లు నేలకు తగలకముందే ఆ కళ్లలో దీపం ఆరిపోయింది.

"చెమట మీద కాలు జారింది," అన్నాడు వుకాషిన్ లేస్తూ. "ఎవడ్రా ఇక్కడ ఇంత చెమట కార్చింది? నువ్వేగా పవ్లే, పంది వెధవా!"

పవ్లే నవ్వబోయి, యాద్రాంక మొహం చూసి ఊరుకున్నాడు.

మూతపడ్డ ఫ్యాక్టరీ గిడ్డంగిలో ఆ జూడో హాలు నడుపుతున్నది యాద్రాంకే. ఒకప్పుడు ఆమె కూడా దేశం తరఫున పోటీ చేసింది. మోకాలు పోయాక గురువు స్థానంలోకి వచ్చింది. తల్లి వియన్నాలో ముసలివాళ్లకు సేవ చేసే పనికి వెళ్లిపోయింది, తండ్రి ఉన్నా లేనట్టే. అందుకని బడి వదలగానే తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఈ హాలుకే తీసుకొచ్చేది. వాడికి పడటం నేర్పింది ఆమే, లేవడం నేర్పింది ఆమే. జూడోలో పతకాలు రాకపోతే వాడు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ వైపు తిరిగాడు. గుద్దులు, తన్నులు, కుస్తీ, గొంతు పట్టు, అన్నీ చెల్లే ఆ వలల పంజరంలోకి వాడు మొదటిసారి అడుగు పెట్టిన రోజు కూడా పంజరం బయట చిన్న స్టూలు పట్టుకుని నిలబడింది ఆమే.

వుకాషిన్ పేరులో తోడేలు ఉంది, వాళ్ల భాషలో వుక్ అంటే తోడేలే. అందుకే వాడు వస్తుంటే జనం తోడేళ్లలా ఊళలు వేసేవాళ్లు. చిన్న ఊళ్ల బాస్కెట్‌బాల్ హాళ్లలో పెట్టే పోటీల్లో గెలిచాడు, బెల్‌గ్రేడ్‌లో గెలిచాడు, కొంతకాలం విదేశంలో పెద్ద సంస్థ తరఫున కూడా ఆడాడు. అక్కడ వరసగా ఓడిపోతే పంపించేశారు. తిరిగొచ్చి మళ్లీ ఇక్కడే మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడికి ముప్పై ఏడు. కిందటి రెండు పోటీలూ పోయాయి. ఇంకొకటి పోతే పోటీల నిర్వాహకుడు బోగోల్యుబ్ ఒప్పందం పొడిగించడు. ఆ సంగతి అందరికీ తెలుసు.

యాద్రాంకకు తెలిసింది అంతకన్నా ఎక్కువ. ఈమధ్య వాడు కూతుర్ని అక్క పేరుతో పిలుస్తున్నాడు. చిక్కుడు పులుసు పొయ్యి మీద పెట్టి మర్చిపోయి, గిన్నె మాడి వంటిల్లంతా పొగ కమ్ముకున్నా పక్క గదిలో టీవీ చూస్తూ కూర్చున్నాడు. చెప్పిన జోకే చెప్పి, వీళ్లెందుకు నవ్వడం లేదా అని మొహాలు చూస్తున్నాడు.

ఆ సాయంత్రం వాడి ఇంటికి వెళ్లింది. వాడు స్నానం చేస్తుంటే మరదలు సెంకా వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"మళ్లీ పడ్డాడా వదినా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నీ మొహమే చెబుతోంది." సెంకా చేతిలో తరుగుతున్న మిరపకాయ అలాగే ఉండిపోయింది. "నువ్వు చెప్పు వదినా. నీ మాటైతే వింటాడు."

"నీ మాట వింటాడేమో అని నేను నీ దగ్గరికి వచ్చాను సెంకా."

సెంకా మళ్లీ మిరపకాయ తరగడం మొదలుపెట్టింది.

భోజనాల దగ్గర యాద్రాంకే కదిపింది. "ఆపేయరా. చాలు. హాల్లో నాతోపాటు పిల్లలకు నేర్పుదువుగాని."

వుకాషిన్ రొట్టె ముక్క తుంచి పులుసులో ముంచాడు. వాడికి కోపం రాలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"అక్కా, నేను దుకాణానికి వెళ్తే నాలుగు వస్తువుల్లో రెండు మర్చిపోయి వస్తున్నా. నాకు తెలీదనుకున్నావా? కానీ పంజరం తలుపు పడగానే అన్నీ గుర్తుంటాయి. అక్కడే నేను నేనుగా ఉంటా. దాన్ని కూడా ఆపేయమంటావా?"

"అక్కడి వల్లే కదరా ఇదంతా!"

"సరే, నువ్వు రాకు. పవ్లే వచ్చి నిలబడతాడు. తువ్వాలు పట్టుకోవడం వాడికీ వచ్చు."

తువ్వాలు పట్టుకోవడం పవ్లేకి వచ్చు. ఓటమి ఒప్పుకుని దాన్ని పంజరంలోకి ఎప్పుడు విసరాలో వాడికి తెలీదు. అందుకని యాద్రాంక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పోటీకి ముందు జరిగే వైద్య పరీక్షకు ఆమె కూడా వెళ్లింది. తమ్ముడు బయట ఉండగా డాక్టరుకి అన్నీ చెప్పింది. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు. స్కాన్ చిత్రాలు వెలుతురుకి పెట్టి చూపించాడు.

"ఇందులో రక్తం లేదు, చిట్లింది లేదు. మీరు చెప్పేది దీనికి కనపడదమ్మా. మనిషి తనంతట తను చెప్పాలి."

వుకాషిన్‌ని పిలిచి అడిగాడు. కాలు జారిందన్నాడు. పవ్లేకి ఫోన్ చేసి అడిగాడు. పవ్లే కూడా కాస్త ఆగి, కాలు జారిందనే అన్నాడు. వేలి కొన చూడమన్నా, నెలల పేర్లు వెనక నుంచి చెప్పమన్నా వుకాషిన్ తడబడకుండా చేశాడు. వాడు ఆ నెలల పేర్లు వారం నుంచి స్నానాల గదిలో వల్లె వేస్తున్నాడని యాద్రాంకకు తెలియదు. సెంకాకు తెలుసు. ఆమె తర్వాతెప్పుడో చెప్పింది. డాక్టరు సంతకం పెట్టాడు.

యాద్రాంక బోగోల్యుబ్ దగ్గరికీ వెళ్లింది. అతను కాఫీ తెప్పించి, మర్యాదగా కూర్చోబెట్టాడు.

"కోచ్ గారూ, డాక్టరు సరే అన్నాడు, మీ తమ్ముడు సరే అన్నాడు. ఇక కాదనడానికి నేనెవర్ని? నేను తీసేస్తే రేపే సరిహద్దు దాటి ఏ మూలో ఇంకొకడి దగ్గర ఆడతాడు. అక్కడ అంబులెన్స్ కూడా ఉండదు. ఇది మీకు తెలీదా?"

తెలుసు. అందుకే కాఫీ తాగకుండా లేచి వచ్చేసింది.

ఎదుటివాడు సరిహద్దు అవతల తిమిషోఆరా ఊరి కుర్రాడు, రారేష్ అని. గుద్దులో పెద్ద బలం లేదు కానీ మెడ దొరికిందంటే వదలడు. వాడి పాత పోటీలు చూస్తుండగా యాద్రాంకకు ఆ ఆలోచన వచ్చింది. గొంతు పట్టులో పడితే మనిషి ఓటమి ఒప్పుకుని చేత్తో తడతాడు, రిఫరీ విడిపిస్తాడు, అయిపోతుంది. తలకు ఒక్క దెబ్బ ఉండదు. ఓటమి ఉంటుంది. దాంతో ఒప్పందం ముగుస్తుంది.

వుకాషిన్‌కి చిన్నప్పటి నుంచీ ఒక చెడ్డ అలవాటు. ఎదుటివాడి కాళ్లు పట్టడానికి దూకినప్పుడు తలను వాడి చంక కిందికి పోనిస్తాడు. మెడను పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే అది. "తల వాడి రొమ్ముకి ఆనించు, పైకి చూడు!" అని యాద్రాంక అరవని రోజు లేదు.

"రారేష్‌తో నిలబడి కొట్టుకోవద్దు. కింద పడేయ్," అని చెప్పింది. అది మంచి సలహానే, ఎవరడిగినా తప్పు పట్టలేరు. వారాల తరబడి కాళ్ల మీదికి దూకడం సాధన చేయించింది. వుకాషిన్ దూకాడు. తల చంక కిందికి పోయింది. మళ్లీ దూకాడు. మళ్లీ పోయింది. యాద్రాంక నోరు తెరిచి మూసుకుంది.

"బాగుందా అక్కా?" అని అడిగేవాడు చెమట తుడుచుకుంటూ.

"బాగుంది," అనేది.

పోటీ నోవి సాద్‌లో, జూన్ నెలలో, ఒక శనివారం మధ్యాహ్నం. హాలంతా ఊళలు. గంట మోగగానే రారేష్ మూడు గుద్దులు వేశాడు. మూడోది దవడకు తగిలి వుకాషిన్ కాళ్లు తేలిపోయాయి. "పడేయ్! పడేయ్!" అని యాద్రాంక గొంతు చించుకుంది. ఆ కేకలో వేరే ఉద్దేశం ఏదీ లేదు, భయం తప్ప.

వుకాషిన్ దూకాడు. తల చంక కిందికి పోయింది. రారేష్ చెయ్యి మెడ చుట్టూ తాడులా బిగుసుకుంది.

తట్టు, అనుకుంది యాద్రాంక. తట్టు నాన్నా. ఒక్కసారి తట్టు, ఇంటికి పోదాం.

వుకాషిన్ మొహం ఎర్రబడి, తర్వాత నీలం తిరిగింది. నోట్లోంచి పళ్ల మీది రబ్బరు తొడుగు సగం బయటికి వచ్చింది. చెయ్యి లేచింది. లేచి రారేష్ మణికట్టు పట్టుకుంది, తట్టలేదు. రిఫరీ వంగి మొహంలోకి చూస్తున్నాడు. యాద్రాంక వలని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. తువ్వాలు భుజం మీదే ఉంది. విసరొచ్చు. విసిరితే వాడు జన్మలో మొహం చూడడు, కానీ విసరొచ్చు. చెయ్యి భుజం దాకా వెళ్లింది. అప్పుడే గంట మోగింది.

వుకాషిన్ తూలుతూ వచ్చి స్టూలు మీద పడ్డాడు. ఆమె ఐసు సంచి వాడి మెడ వెనక పెట్టింది. వాడు తల ఎత్తి ఆమె కళ్లలోకి చూశాడు. బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు కూడా అలాగే చూసేవాడు.

"మెడ దొరికిపోతోంది అక్కా. తల ఎక్కడ పెట్టాలి? మర్చిపోయాను. చెప్పు."

ఆమెకు ఒక్క నిమిషం ఉంది. ఏమీ చెప్పకపోయినా సరిపోయేది. ఏదో ఒకటి చెప్పినా సరిపోయేది. కానీ వాడు చూస్తున్నాడు. తను చెప్పిన చోట తల పెడతాడు. ఎక్కడ చెబితే అక్కడ.

"రొమ్ముకి ఆనించు," అంది. "చంక కింద వద్దు. రొమ్ముకి ఆనించి పైకి చూడు."

"రొమ్ముకి. పైకి," అని వల్లె వేసుకుంటూ లేచాడు.

రెండో రౌండ్లో వుకాషిన్ దూకిన దూకు ఆమె వాడికి నేర్పినవాటన్నిటిలోకీ చక్కనిది. రారేష్ వెల్లకిలా పడ్డాడు. వుకాషిన్ వాడి మీద కూర్చుని మోచేతులతో కొట్టాడు. రిఫరీ వచ్చి లాగేసేదాకా కొట్టాడు. హాలు లేచి నిలబడి ఊళ వేసింది. వాడు పంజరం ఎక్కి కూర్చుని, వేలితో అక్కను చూపించి జనానికి ఏదో చెప్పాడు. కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. ఏడుస్తోంది. సంతోషమనుకున్నారు.

గదిలో ఆమె వాడి చేతుల కట్లు విప్పుతుంటే అడిగాడు. "ఏ రౌండ్లో అయిపోయింది?"

"రెండు."

కాసేపాగి, "ఏ రౌండ్లో?" అన్నాడు.

బోగోల్యుబ్ వచ్చి వాడి బుగ్గ గిల్లాడు. "ముసలి తోడేలా! సెప్టెంబర్లో ఛాంపియన్ బెల్టు కోసం ఆడతావా? రేపు పొద్దున ఫోన్ చెయ్యి." అక్కడి డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, తలనొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పి పక్క గదికి వెళ్లాడు. అక్కడ రారేష్ మొహానికి కుట్లు వేస్తున్నారు.

ఇంటికి కారు యాద్రాంకే నడిపింది. సెంకా పిల్లతో ఇంట్లో ఉంది. ఇంకా పొద్దు గుంకలేదు. రోడ్డుకి రెండు వైపులా పొద్దుతిరుగుడు తోటలు. వుకాషిన్ కళ్లు తెరిచే ఉన్నాయి. ఇక దాచుకోలేక ఆమె బండి పక్కకి ఆపింది.

"వుకా, నీకు మెడ సంగతి కావాలనే చెప్పలేదురా. వారాల తరబడి చూస్తూ ఊరుకున్నాను. నువ్వు గొంతు పట్టులో ఓడిపోతే ఆపేస్తావనుకున్నాను."

వాడు ఆమె వైపు తిరిగాడు.

"నేను ఓడిపోవాలనుకున్నావా? నువ్వు?"

"బతకాలనుకున్నాను."

వాడు అద్దం దించాడు, మళ్లీ ఎత్తాడు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. తర్వాత ఆ చేతుల్లోంచే అన్నాడు. "అంత భయపడ్డావా? సరే, ఆపేస్తాను. నువ్వే నమ్మనప్పుడు ఇంకెవరి కోసం ఆడాలి? ఆపేస్తాను అక్కా. రేపు బోగోల్యుబ్‌కి చెప్పేస్తా."

ఆమె వాడి తల దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ ఆ రోడ్డు పక్కన పిల్లల్లా ఏడ్చారు. వెనక నుంచి వచ్చిన ట్రాక్టరువాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు. తర్వాత దారంతా యాద్రాంక ఏదో పాట కూనిరాగం తీసింది. వాడు ఎప్పుడో నిద్రలోకి జారుకున్నాడు.

పొద్దున్నే వేడి పొరల రొట్టె బూరెక్, పెరుగు కొనుక్కుని వాళ్లింటికి వెళ్లింది. వుకాషిన్ వాచిన కంటితో, మంచి ఉషారుగా టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"రా అక్కా! బోగోల్యుబ్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను. సెప్టెంబర్‌కి సరే అన్నాను. బెల్టు అక్కా, బెల్టు!"

యాద్రాంక చేతిలో పొట్లం టేబుల్ మీద పెట్టింది. "నిన్న కార్లో ఏమన్నావురా?"

"కార్లోనా? ఎక్కగానే నిద్రపోయానుగా."

"ఆపేస్తానన్నావు. బండి ఆపితే అన్నావు. ఇద్దరం ఏడ్చాం."

వాడు నవ్వాడు. నవ్వు మెల్లగా సన్నబడింది. ఆమె మొదటి నుంచీ మళ్లీ చెప్పింది, మెడ సంగతితో సహా. ఈసారి వాడు తల వంచుకోలేదు. ఆమెను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

"నేననని మాటలు నా నోట్లో పెట్టకు అక్కా. మెడ సంగతి నువ్వేగా చెప్పావు. అందుకేగా గెలిచాను? జనం అందరి ముందూ నీ పేరే చెప్పాను. ఇప్పుడు నన్ను ఆపడానికి ఇంత కథ అల్లుతావా?"

"కథ కాదురా…"

"అలిసిపోయావు. నిద్ర లేనట్టుంది." లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి మెత్తగా నొక్కాడు. పిచ్చి పట్టినవాళ్లతో మాట్లాడేంత మెత్తగా. "నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో. తర్వాత మొదలుపెడదాం."

కూతుర్ని ఎత్తుకుని పెరట్లోకి వెళ్లాడు.

సెంకా గోడకు ఆనుకుని నిలబడింది. "నిజంగా అన్నాడా వదినా?"

"అన్నాడు."

"ఇంకొకసారి చెప్దామా? ఇద్దరం కలిసి?"

"చెప్దాం," అంది యాద్రాంక. పెరట్లోంచి వాడి గొంతు వినిపిస్తోంది, పిల్లను మళ్లీ అక్క పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఇద్దరూ పెరట్లోకి వెళ్లలేదు. బూరెక్ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డారు.