సాంబ్రాణి పొగ పట్టిన ఏసీ

నేను ఒకటిన్నర టన్నుల ఏసీని. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. చివరి పరీక్ష చేసిన అమ్మాయి నా వీపు తట్టి, "సముద్రపు ఊళ్లో మాత్రం పడకే" అంది. కాకినాడలో పడ్డాను.

నన్ను కొన్నది కొండలరావు, రిటైరైన సర్వేయరు. తన కోసం కాదు. భార్య భ్రమరాంబకు ఆయాసం. ముసురు పడితే ఆవిడ గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. గదిలో చెమ్మ తగ్గకపోతే అనంతపురంలో చెల్లెలి దగ్గర ఉండక తప్పదన్నాడు డాక్టరు. ఆవిడకు ఈ ఇల్లు వదలాలని లేదు.

నా పని చల్లబరచడమే అనుకుంటారు. కాకినాడలో సగం పని నీళ్లు పిండడం. ఇక్కడి గాలి పిండని బట్ట. నా చల్లని రేకులకు తగిలి నీరై, గొట్టంలోంచి బయటికి పోతుంది. జులైలో రోజూ బకెట్టు నిండేది. గది చల్లబడలేదని కొండలరావు పదహారు డిగ్రీలకు తిప్పేవాడు. తిప్పితే నీళ్లు తరుగుతాయా? అయినా మొదటి ఏడు భ్రమరాంబ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. "నువ్వు రాకపోతే నా గతేమయ్యేదే" అని నాతోనే అంది. నమ్మాను.

రెండో ఏడు కొండలరావుకు వాళ్లమ్మ గుర్తొచ్చింది. ముసురు రోజుల్లో ఆవిడ సాంబ్రాణి వేస్తే చెమ్మ విరిగేదట. అది తాటాకిల్లు. పొగ సందుల్లోంచి పోయేది. ఈయన కిటికీలు మూసి, నన్ను వేసి, రెండు పూటలా ధూపం పట్టాడు. పొగ నా తడి రేకులకు అంటి జిగురైంది. జిగురు జారి గొట్టం మూసుకుపోయింది. పిండిన నీళ్లన్నీ గోడ మీదికి కారాయి. పది రోజుల్లో మంచం తలవైపు నల్లగా బూజు పట్టింది. భ్రమరాంబ నిద్ర మళ్లీ కూర్చునే.

మెకానిక్ మస్తాన్ గొట్టంలోంచి జిగురు లాగి వాసన చూశాడు.

"ఏంటండీ ఇది, ఏసీయా, దర్గానా?"

"ఎకసెక్కాలొద్దు. మిషను నాసిరకమని ఒప్పుకో."

"మిషను బంగారమండీ. పొగ ఆపండి చాలు. అమ్మగారూ, మీరైనా చెప్పండి."

భ్రమరాంబ నన్ను చూసింది. మొగుణ్ణి చూసింది. "వాళ్లమ్మ గారి పద్ధతి బాబూ" అని ఊరుకుంది.

మస్తాన్ శుభ్రం చేసి వెళ్లాడు. సాయంత్రం మళ్లీ ధూపం. వారంలో మళ్లీ గోడ తడిసింది.

ఆగస్టులో చెల్లెలు రాజ్యం వచ్చింది, ఆవిడను తీసుకుపోవడానికి. "గోడేంటక్కా ఇలా ఉంది?"

"ఈ ఏసీ వల్లేనే. నీళ్లు కార్చి చంపేస్తోంది" అంది భ్రమరాంబ. అని దగ్గింది.

ఇప్పుడు జగన్నాథపురంలో పాత ఇనుము కొట్టులో పడి ఉన్నాను. కొండలరావు మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలియదు, చెప్పినా తలకెక్కదు. ఆవిడకు తెలుసు. తెలిసీ తప్పు నా మీద వేసింది. ఆవిడను క్షమించను.

నన్ను గోడ నుంచి విప్పిన రోజు కొండలరావు అనంతపురానికి ఫోన్ చేశాడు.

"పీకించేశాను. ఇంక వచ్చెయ్."

"గోడ ఆరనివ్వండి" అంది అవతల భ్రమరాంబ.

ఆయన ఫోన్ పెట్టేసి సాంబ్రాణికి నిప్పులు రాజేయడానికి లేచాడు.